తిరగేసిన ఈనెలు

యువరాజు ప్రసేనుడి ఒంటె ఒంటరిగా వచ్చి దక్షిణ ద్వారం ముందు మోకాళ్ల మీద కూలబడిన రోజున శంఖపురిలో ఏ ఇంటా పొయ్యి వెలగలేదు. జీను మీద మనిషి లేడు. ముకుతాడు తెగి వేలాడుతోంది. నీళ్లతిత్తి చీలి ఎండిపోయింది. జీనుకు కుడిపక్కన కట్టిన దారిపలక మాత్రం చెక్కుచెదరలేదు. ద్వారపాలకులు దాన్ని విప్పి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుని రాణివాసంలో అప్పగించి వచ్చారు. ఇచ్చేటప్పుడు ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

శంఖపురికి నైరుతి మూల సముద్రం, దాన్ని ఆనుకుని కొబ్బరితోటలు. తక్కిన దిక్కులన్నీ తెల్లబయలు. ఏ కాలంలోనో సముద్రం వెనక్కి తగ్గుతూ వదిలేసి పోయిన ఉప్పునేల అది. పగటివేళ పాలరాతి సభామంటపంలా ధగధగలాడుతుంది. పొద్దు వాలేవేళ దాని మీద కుంకుమ రంగు, పసుపు, నెమలికంఠపు నీలం ఒకదాని వెంట ఒకటి పారి ఆరిపోతాయి. చెట్టు లేదు, రాయి లేదు, ఎగిరే పక్షి నీడ లేదు. కంటికి కనిపించేదల్లా మరీచికుడనే మాంత్రికుడి మాయ. వాడు లేని కోటలు లేపుతాడు, లేని చెరువులు నింపుతాడు, సూర్యుడి పక్కన ఇంకో సూర్యుణ్ణి నిలబెడతాడు. కళ్లను నమ్ముకుని తెల్లబయలులోకి పోయినవాళ్లు తిరిగి రాలేదు. అందుకే శంఖపురి జనం కళ్లను నమ్మడం మానేసి ఈనెల్ని నమ్ముకున్నారు.

దారిపలక అంటే మైనం పూసిన చదరపు చెక్క. నడిమధ్య ఒక చిన్న చిల్లు ఉంటుంది. దాన్ని గడప అంటారు. బయలుదేరిన చోటుకు గుర్తు అది. ప్రయాణికుడు ఒక దిక్కున సాగి మలుపు తిరిగినప్పుడల్లా ఒక కొబ్బరి ఈనెను విరిచి మైనంలో అద్దుతాడు. ఎన్ని ఆమడలు నడిస్తే అన్ని వేళ్ల వెడల్పు దాని పొడవు. ఏ దిక్కున నడిస్తే ఆ దిక్కుకే దాని వాలు. ఈనెకు మొదలు లావు, కొస సన్నం కనుక ఎటునుంచి ఎటు నడిచాడో చూపు పడగానే తెలుస్తుంది. మొదటి ఈనె మొదలు గడపలో పెడతారు. రెండోదాని మొదలు మొదటిదాని కొసకు తాకిస్తారు. అలా ఎన్ని మలుపులు తిరిగినా కొసకు మొదలు కలుపుకుంటూ పోవడమే. చివరి కొస ఎక్కడుంటే మనిషి అక్కడున్నట్టు. గడప నుంచి ఆ కొసకు నేరుగా ఒక్క ఈనె పెడితే, తిరిగిన తిరుగుడంతా కలిసి అయిన ఒక్క నడక అదే.

దిక్కు తెలుసుకోవడానికి సూర్యుడితో పని లేదు. ఉప్పు మీద గాలి చెక్కిన సన్నని గట్లు ఏడాది పొడుగునా మొనలు పడమరకే చాచి ఉంటాయి. మరీచికుడు చూపును మోసగించగలడు గాని చేత్తో తడిమిన గట్టును మార్చలేడు.

ఈ విద్య రాజకుమారులకు చెప్పే ఒజ్జ ఆర్యమిత్రుడు. ప్రసేనుడు అక్షరాలు దిద్దింది ఆయన ఒడిలోనే. ప్రసేనుడి అక్క వకుళ మాత్రం దారిలెక్క నేర్చుకోలేదు. కోట దాటని ఆడపిల్లకు అది దేనికని పెద్దలు అనుకున్నారు.

శవం కంటబడే దాకా కర్మలేవీ జరగకూడదని, ఏడుపు బయటికి వినిపించకూడదని వజ్రదత్త మహారాజు చాటింపు వేయించాడు. ఆర్యమిత్రుడు పాఠశాల తలుపులు మూయలేదు. రోజూ వచ్చి, ఖాళీ పీట ముందు కాసేపు కూర్చుని వెళ్లేవాడు.

కొన్నాళ్లకు గొంగడి కప్పుకున్న ఒక దొంగ కోటగోడ కింద దొరికాడు. వాడి పేరు భైరి. పెదవులు పగిలి, కాళ్లు బొబ్బలెక్కి ఉన్నాయి. నీళ్లు తాగించాక రాజు ముందు నిలబెట్టారు.

"యువరాజుగోరు పేనాలతోనే ఉన్నారయ్యా. నా పక్క గుంజకే కట్టేశారు," అన్నాడు భైరి.

"ఎక్కడ?" అన్నాడు రాజు.

"అది తెలిత్తే ముందు బహుమానం బేరమాడి తరవాత నోరిప్పేవోణ్ణి గదయ్యా. కళ్లకి గంతలు గట్టి తీసుకుపోయారు. వచ్చేటప్పుడేమో ఎనక్కి సూడకుండా పరిగెత్తా. ఎటు పరిగెత్తానో నా కాళ్లకే తెలవాల."

"నువ్వొక్కడివీ ఎలా తప్పించుకున్నావు?"

"గొలుసేసి తాళం పెట్టారు. తాళం ఉన్నకాడ నేనుండనయ్యా."

ఆ తరువాత వాడు అక్కడ చూసింది చెప్పాడు. మరీచికుడు పట్టినవాళ్లను ఒక్కొక్కరినే ఉప్పుగా మారుస్తున్నాడు; భైరి వంతు ఇంకా రాలేదు. పాదాలతో మొదలై ఉప్పు పైకి పాకుతుంది. ప్రసేనుడికి మోకాళ్ల దాకా వచ్చింది. అమావాస్యకు గుండె చేరుతుంది. గుండె ఉప్పైపోయినవాడు లేచి మరీచికుడి రౌతుల్లో ఒకడవుతాడు. ఇక వాడికి తల్లీ తండ్రీ గుర్తుండరు. రౌతైపోయినవాణ్ణి ఏ నీళ్లైనా కరిగిస్తాయి గాని మనిషి మిగలడు; గుండె చేరకముందు మనిషిని మిగిల్చి ఆ ఉప్పును కరిగించేవి తోడబుట్టినవాళ్లు దోసిట పట్టి పోసిన మంచినీళ్లు మాత్రమే.

"నన్ను పంపండి నాన్నగారూ," అంది తెర వెనుక నుంచి వకుళ.

"ఒక బిడ్డను తెల్లబయలు మింగింది. రెండో బిడ్డను నా చేత్తో పెట్టను," అన్నాడు రాజు. ఆర్యమిత్రుడి వైపు తిరిగి, "ముందు వాడున్న చోటు కనిపెట్టి రండి. తరువాత సంగతి తరువాత," అన్నాడు.

రాణివాసం దాసి ప్రసేనుడి దారిపలకను పట్టుగుడ్డలో చుట్టి తెచ్చి ఇచ్చింది. ఆర్యమిత్రుడు విప్పి చూశాడు. మూడు ఈనెలున్నాయి. పడమరకు మూడు ఆమడలు, దక్షిణానికి ఎనిమిది, తూర్పుకు తొమ్మిది. తూర్పు తొమ్మిదిలో పడమర మూడు పోతే తూర్పు ఆరు మిగులుతుంది. దక్షిణం ఎనిమిది అలాగే ఉంటుంది. ఇరవై ఆమడలు తిరిగినా ప్రసేనుడు ఇంటికి ఆగ్నేయంగా పది ఆమడల్లో ఉన్నట్టు లెక్క. యువరాజు బయలుదేరింది దక్షిణ ద్వారం నుంచే. ఎవరికీ అనుమానం రాలేదు.

ఉప్పు వర్తకుల వేషంలో మూడు ఒంటెలతో బయలుదేరారు. ఆర్యమిత్రుడు, భైరి, ఒంటెల కాపలాకు ఒక మూగవాడు. మొదటి మజిలీలోనే భైరికి ఆ మూగవాడి మీద కన్నుపడింది.

"సూడండి అయ్యోరూ, ఈడు ఒంటె ఎక్కడం. పట్టెమంచం ఎక్కినట్టు ఎక్కుతున్నాడు."

మూగవాడు తలపాగా తీశాడు. జడ భుజం మీద పడింది.

"పట్టెమంచం మీదే పెరిగాను భైరీ. ఏం చేయను?" అంది వకుళ.

ఆర్యమిత్రుడు లేచి నిలబడ్డాడు. "వెనక్కి వెళ్లిపో తల్లీ. మహారాజుకు నేనేం సమాధానం చెప్పను?"

"నేను లేకుండా మీరు వాడి దగ్గరికి వెళ్లి ఏం చేస్తారు ఒజ్జగారూ? పద్యం అప్పజెప్పించుకుంటారా?"

ఆయన మళ్లీ కూర్చున్నాడు. వెనక్కి తిరిగితే పోయే రోజులు మళ్లీ రావని ఆయనకూ తెలుసు. నేరుదారిలో ఊబి ఉంది కనుక దక్షిణానికి ఎనిమిది ఆమడలు పోయి, అక్కడ తూర్పుకు తిరిగారు. ఆర్యమిత్రుడు తన పలక మీద మొదటి ఈనె అద్దాడు. తూర్పుకు ఆరో ఆమడ ముగిసి రెండో ఈనె అద్దుతుండగా ఎదురుగా కోట లేచింది.

అలాంటి కోటను ఏ రాజూ కట్టించి ఉండడు. ప్రాకారమంతా స్ఫటికం. బురుజు బురుజుకూ పగడాల గుత్తులు చెక్కి ఉన్నాయి. సింహద్వారం మీద రెండు వెండి ఏనుగులు తొండాలెత్తి నిలబడ్డాయి. వాటి దంతాల మధ్య వేలాడే గంటలు గాలి లేకుండానే ఊగుతున్నాయి. కందకంలో నీలితామరలు. నట్టనడి బురుజు మీద తెల్లని అంగీ తొడుక్కుని ప్రసేనుడు నిలబడి ఉన్నాడు. వాళ్లను చూసి చెయ్యి ఊపాడు.

వకుళ ఒంటెను అదిలించింది. ఆర్యమిత్రుడు దూకి ముకుతాడు పట్టుకున్నాడు.

"గోడ కింద చూడు తల్లీ. ఉప్పు గట్లు గోడకు అవతలి నుంచి ఇవతలికి తెగకుండా పోతున్నాయి. కట్టిన గోడ అయితే గట్లు మిగలవు."

"వాడు పిలుస్తున్నాడు ఒజ్జగారూ."

"వాడు కాదు."

భైరి కాలి చెప్పు తీసి విసిరాడు. అది స్ఫటికపు గోడలోంచి దూరి అవతల ఉప్పు మీద పడింది. కోట నీళ్లలో నీడలా చెదిరింది. ఏనుగులు పోయాయి, తామరలు పోయాయి. అన్నిటికన్నా ఆఖర్న ఊపుతున్న చెయ్యి పోయింది. వకుళ అది పోయేదాకా చూసింది.

భైరి ఒంటె దిగి నేలను గోటితో గీరాడు. "అయ్యోరూ, నన్ను కట్టేసిన కాడ ఉప్పు కింద నల్లమన్ను. ఇక్కడ ఎంత గీకినా తెలుపే. ఇది ఆ సోటు కాదు."

"లెక్క ఇదే చెబుతోంది భైరీ."

"లెక్క సెప్పుద్దేమో. మన్ను సెప్పటం లేదు."

ఆ మాట పూర్తి కాకముందే దక్షిణాన ఉప్పు పలకలు పైకి లేచాయి. వాటి కిందినుంచి రౌతులు బయటికొచ్చారు. మనుషులూ గుర్రాలూ అంతా తెలుపు. కళ్లున్న చోట రెండు గుంటలు. ఉప్పు రౌతులు పరిగెత్తరు. అలాగని ఆగరు కూడా. వరసగా, తొందర లేకుండా నడిచి వచ్చారు. ముందున్నవాడి ఈటె భైరి ఒంటె డొక్కలో దిగింది. ఒంటె ఒరిగిపోయింది.

వకుళ తిత్తి మూతి విప్పి నీళ్లు విసిరింది. రౌతు ముఖం కరిగి, చెంపలు జారి, మెడ లేకుండా ఇంకో నాలుగడుగులు వేసి కూలాడు. ఇంకో తిత్తి విప్పింది. ఇంకోడు కూలాడు. వెనకాల వాళ్లు ఇంకా వస్తూనే ఉన్నారు.

"నీళ్లు పారబోయకు తల్లీ," అన్నాడు ఆర్యమిత్రుడు. "ఉత్తరానికి తోలు."

పగలు నడిచారు, రాత్రులు నడిచారు. ఎప్పుడు వెనక్కి చూసినా తెల్లటి వరస అంతే దూరంలో ఉంది. కన్ను మూతపడబోయినప్పుడల్లా వరస దగ్గరయ్యేది. ఆ పరుగులోనూ ఆర్యమిత్రుడు ఆమడలు లెక్కపెడుతూనే ఉన్నాడు. ఉత్తరానికి ఎనిమిది నడిచాక తూర్పుకు తిరిగి మూడు నడిస్తే ఒక ఉప్పుకాలువ అడ్డం వచ్చింది. అడుగున బురద, పైన మోకాలిలోతు నీళ్లు. తిత్తులు మోస్తున్న ఒంటె నడుమ దాకా వచ్చి దిగబడింది. ఒక్క తిత్తి కోసి తీయగలిగారు. ఒంటె కళ్లు వాళ్ల వైపే పెట్టి మెల్లగా కిందికి పోయింది.

రౌతులు అవతలి గట్టున ఆగారు. నీళ్లలో దిగలేరు. కాసేపు నిలబడి, కాలువ మొదలు వెతుక్కుంటూ ఉత్తరానికి నడిచారు. చుట్టు తిరిగి రావడానికి వాళ్లకు కొంత పొద్దు పడుతుంది. మిగిలింది ఒక్క ఒంటె, ఒక్క తిత్తి.

ఆర్యమిత్రుడు గట్టు మీద కూర్చుని తన పలక ముందు పెట్టుకున్నాడు. దక్షిణం ఎనిమిది, తూర్పు ఆరు, ఉత్తరం ఎనిమిది, తూర్పు మూడు. దక్షిణం ఎనిమిదీ ఉత్తరం ఎనిమిదీ ఒకదాన్నొకటి తినేశాయి. మిగిలింది తూర్పు తొమ్మిది.

"ఇల్లు ఇక్కడికి సరిగ్గా పడమర. తొమ్మిది ఆమడలు," అన్నాడు.

"ఇంత తిరిగి తొమ్మిదేనా?" అన్నాడు భైరి కాళ్లు పిసుక్కుంటూ. "ఒంటెనడగండి, అది వేరే లెక్క సెబుద్ది."

"ఒంటె నడిచింది ఇరవై అయిదు. అదీ నిజమే. ఎంత నడిచామన్నది వేరు, ఎక్కడ తేలామన్నది వేరు."

తరువాత ప్రసేనుడి పలక తీశాడు. మూడు ఈనెలనూ మళ్లీ కొలిచాడు. కొలతలో తప్పు లేదు. కూడికలో తప్పు లేదు. పలకను వాలుగా వెలుతురుకు పట్టాడు. ఆగ్నేయం వైపు ఈనెలు నాటుకుని ఉన్నాయి. దానికి సరిగ్గా ఎదురుగా, వాయవ్యం వైపు మైనం అద్దంలా నున్నగా మెరిసింది. ఎవరో బొటనవేలితో రాసి గాట్లు పూడ్చినట్టుంది. ఆయన ఆ నునుపు మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

"ఈ పలకను ఎవరైనా ముట్టుకున్నారా తల్లీ?"

"నేనే ముట్టుకున్నాను," అంది వకుళ. "ఇంటిదారి పెట్టాను. అక్కచెల్లెళ్లు చేయాల్సిన పనే కదా."

శంఖపురిలో తెల్లబయలు పొట్టన పెట్టుకున్నవాళ్లకు చేసే ఆఖరి కర్మ అది. పోయినవాడికి తాను పడిన చోటే గడప అని నమ్మకం. తోబుట్టువు వాడి ఈనెల్ని ఊడదీసి, ఆఖరిదాన్ని మొదట, మొదటిదాన్ని ఆఖర్న, ప్రతిదాన్నీ మొదలుకు కొస చేసి తిప్పి, గడప నుంచి మళ్లీ అద్దుతుంది. అప్పుడు చివరి కొస చేరేది ఇంటికి. జీవుడు దాన్ని పట్టుకుని వచ్చేస్తాడంటారు.

"మహారాజు వద్దన్నారు కదా," అన్నాడు ఆర్యమిత్రుడు.

"అందుకే తెల్లవారకముందు చేశాను. అమ్మకు కూడా చెప్పలేదు. వాడు ఆ ఎండలో దారి తెలియక తిరుగుతూ ఉంటాడని..." ఆమె ఆగింది. "భైరి వచ్చాక మీకు చెప్పాల్సింది. మీరు పలక చూశారు కదా, మీకు తెలియకుండా ఉంటుందా అనుకున్నాను. అయినా వెళ్లిన దారీ వచ్చిన దారీ ఒకటే కదా ఒజ్జగారూ? పొడవు మారదు కదా?"

"పొడవు మారదు తల్లీ. దిక్కు మారుతుంది."

ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఉప్పు మీద కూలబడి రెండు అరచేతులూ నేలకు ఆనించింది. ఆర్యమిత్రుడు ఆమెను ఒక్క మాట అనలేదు. ఈనెలు ఊడదీసి ఒక్కొక్కటే సరిచేశాడు. పడమరకు తొమ్మిది, ఉత్తరానికి ఎనిమిది, తూర్పుకు మూడు. కలిపితే పడమర ఆరు, ఉత్తరం ఎనిమిది. ప్రసేనుడు ఇంటికి వాయవ్యంగా పది ఆమడల్లో ఉన్నాడు. వాళ్లు ఇంటికి తూర్పున కూర్చుని ఉన్నారు.

"ఇక్కడి నుంచి ఎంత?" అంది వకుళ తల ఎత్తకుండా.

"ఇంటికి పోయి, అక్కడి నుంచి పోతే పంతొమ్మిది. నేరుగా పోతే పదిహేడు."

"అమావాస్యకు?"

"నాలుగు పగళ్లు. ఒంటె ఎంత తోలినా పగటికి నాలుగున్నర ఆమడలు. పద్దెనిమిది."

ఇంటికి పోతే నీళ్లు దొరుకుతాయి, మనుషులు దొరుకుతారు. ప్రసేనుడు దొరకడు. నేరుగా పోవడానికి ఒక్క ఒంటె ఉంది. తిత్తిలో ఉన్న నీళ్లు ఒక్కరికి, అదీ పెదవులు తడుపుకుంటూ పోతేనే సరిపోతాయి. దారి తీయగలిగినవాడు ఆర్యమిత్రుడు ఒక్కడే. నీళ్లు పోయగలిగిన చేతులు వకుళవి మాత్రమే.

ఆయన తన పలకను ఆమె ముందుకు జరిపాడు. "కూర్చో తల్లీ. నేర్చుకో."

"ఇప్పుడా?"

"వాళ్లు చుట్టు తిరిగి వచ్చే దాకా పొద్దుంది."

కొత్తగా రెండు ఈనెలు విరిచి ఆమె చేతికిచ్చాడు. ఒకటి తొమ్మిది వేళ్లది, ఒకటి పదిది. "ఇది మనం. ఇంటి నుంచి తూర్పుకు. ఇది మీ తమ్ముడు. ఇంటి నుంచి వాయవ్యానికి. రెండూ ఇంటి నుంచే మొదలు. మనకు కావలసింది మన దగ్గర నుంచి వాడి దగ్గరకు. ఏం చేయాలి?"

"మనం ముందు ఇంటికి పోవాలి."

"కాళ్లతో పోనక్కర్లేదు. ఈనెతో పోతే చాలు. మన ఈనెను తిప్పు."

ఆమె తిప్పింది. కొస పడమరకు తిరిగింది.

"ఇప్పుడు దీని కొస ఎక్కడ?"

"ఇంట్లో."

"అక్కడ వాడి ఈనె మొదలు పెట్టు. వాలు మార్చకు. ఈనెను పక్కకు జరపవచ్చు గాని తిప్పకూడదు. ఆ. ఇప్పుడు మొదటి మొదలు నుంచి చివరి కొసకు ఒకే ఈనె."

ఆమె పొడవాటి ఈనె పెట్టి, కొస దగ్గర విరిచి, వేళ్లతో కొలిచింది. పదిహేడు వచ్చింది. పలకను ఉప్పు గట్లకు సరిపెట్టి చూస్తే ఈనె పడమరకు పదిహేను, ఉత్తరానికి ఎనిమిది పోయేట్టుగా వాలి నిలిచింది.

"ఇలాగే పలకను గట్లకు సరిపెట్టి, ఇది చూపిన వైపే పో. కోట కనిపించినా, చెరువు కనిపించినా, మీ తమ్ముడే కనిపించినా ఇది చూపిన వైపే." ఈనెలన్నీ తీసేశాడు. "మళ్లీ చెయ్యి. నేను మాట్లాడను."

ఆమె చేసింది. ఈసారి తొందరలో ప్రసేనుడి ఈనెను తిప్పి, దాని కొసకు తమది కలిపింది. కొలిచి, పదిహేడు రాగానే ఆయన ముఖంలోకి చూసింది. ఆయన ముఖం మారలేదు.

"ఇలా పోతే ఎటు తేలుతావు?"

చూసుకుంది. ఈనె ఆగ్నేయానికి వాలి ఉంది. "వాడికి ఎదురు దిక్కుకు."

"పొడవు సరిపోయింది. అందుకే చెబుతున్నాను. పొడవు తప్పితే ఎవరైనా పట్టుకుంటారు. ఇది పట్టుబడదు. ఉన్న చోటును తిప్పాలి. పోవాల్సిన చోటును తిప్పకూడదు."

"ఉన్న చోటును తిప్పాలి," అంది ఆమె. మూడోసారి సరిగ్గా వచ్చింది.

భైరి గొంగడి మడతల్లోంచి ఒక చిన్న సొరకాయబుర్ర తీసి ఆమె ఒడిలో పెట్టాడు. లోపల నీళ్లు కదిలాయి.

"ఎక్కడిది?" అన్నాడు ఆర్యమిత్రుడు.

"మన తిత్తిలోదే అయ్యోరూ. మొదటిరోజే కాజేశా. అలవాటు." వాడు చూపు పక్కకు తిప్పుకున్నాడు. "యువరాజుగోరికి దోసెడన్నా మిగలాల గదమ్మగోరూ. తిత్తిలోవి మీకే సాలవు."

"మరి మీరిద్దరూ?"

"తొమ్మిదామడలే గదా, అయ్యోరి లెక్కలో."

వకుళ ఆ బుర్రను నడుముకు కట్టుకుంది. ఆర్యమిత్రుడు ఈనెల కట్ట ఆమె జీనుకు కట్టి, పలకను కుడిపక్కన బిగించాడు. ముడి మీద ముడి వేశాడు.

"ఇంకొక్కటి ఉంది తల్లీ, అది ముఖ్యం. దారిలో ఏదైనా అడ్డం వచ్చి నువ్వు పక్కకు తప్పుకున్నావనుకో..."

"అయ్యోరూ," అన్నాడు భైరి మెల్లగా.

ఉత్తరాన తెల్లటి గీత ఒకటి కదులుతోంది. కాలువ మొదలు వాళ్లు అనుకున్నదానికన్నా దగ్గరలోనే ఉంది. కొందరు మొదలు చుట్టి ఇటు దిగుతున్నారు, తక్కిన గీత అవతలి గట్టు మీదుగా నిలబడకుండా పడమరకు సాగుతోంది. ఇంకాసేపట్లో వాయవ్యం మూసుకుపోతుంది.

"వెళ్లు," అన్నాడు ఆర్యమిత్రుడు.

"పక్కకు తప్పుకుంటే ఏం చేయాలి?"

"ఈనె విరువు. ఎంత తప్పుకుంటే అంత. వెళ్లు ముందు."

ఆయనే ఒంటె పిర్ర మీద చరిచాడు. ఒంటె లేచి, బురద తక్కువున్న చోట కాలువ దాటి పరుగందుకుంది. తలపాగా లేని ఆమె జడ వీపు మీద కొట్టుకుంటూ పోయింది. మొదట పలక చూపిన వాలులోనే పోయింది. గీతలో నుంచి కొందరు విడివడి ఆమెకు అడ్డంగా నడిచారు. ఒంటె ఎడమకు తిరిగింది. వాళ్లూ తిరిగారు. మళ్లీ ఎడమకు తిరిగింది. ఆ తరువాత ఉప్పు మీద ఎండ లేచి, ఒంటె ఒకటి రెండై, రెండు నాలుగై, ఏది ఆమెదో తెలియలేదు.

"ఈనె ఇరిసిందంటారా?" అన్నాడు భైరి.

"ఇక్కడి నుంచి కనిపించదు."

ఇద్దరూ అక్కడే కాలువ దాటి పడమరకు నడవడం మొదలుపెట్టారు. నోళ్లు అప్పటికే ఎండిపోయాయి. ఆర్యమిత్రుడు పెదవులు కదుపుతూనే ఉన్నాడు. భైరి మొదట అది మంత్రమేమో అనుకున్నాడు. దగ్గరగా నడిచి విన్నాడు. అది సగంలో ఆగిన పాఠం. దారిలో పక్కకు తప్పుకున్నవాళ్లు, తప్పుకున్న ఈనెలు కూడా కలుపుకుని, తామున్న చోటును కొత్తగా తిప్పి, మిగిలిన దారిని మళ్లీ తీసుకోవాలి.

ఆ మాట ఆమెకు చెప్పనే లేదు.